లైట్‌హౌస్‌లో 100 వచ్చింది, కానీ ఆ తండ్రి ఫారం నింపలేకపోయారు

గవర్నర్‌పేట_వెబ్ | గురువారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. మీ సాయం కావాలి.

బెజవాడలో ఒక కోచింగ్ సెంటర్‌కి వెబ్‌సైట్ చేశాను. అడ్మిషన్ ఫారం, ఫీజు వివరాలు, నోటీసులు అన్నీ తెలుగులోనే. అప్పగించే ముందు క్రోమ్‌లో సైట్‌ను పరీక్షించే లైట్‌హౌస్ పెట్టి చూస్తే యాక్సెసిబిలిటీకి, అంటే చూపు లేనివాళ్లతో సహా అందరూ వాడగలరా అన్నదానికి, 100కి 100 వచ్చింది. ఆ పచ్చ గుండ్రాన్ని స్క్రీన్‌షాట్ తీసి క్లయింటుకు కూడా పంపాను.

మొన్న సోమవారం పొన్నూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆయనకు చూపు లేదు. కూతుర్ని చేర్పిద్దామని ఫారం నింపుతుంటే ముందుకు పోవడం లేదన్నారు. నేను ఫోన్‌లో చెప్పబోతే, ‘మీరు చూస్తే గానీ అర్థం కాదండీ’ అని ల్యాప్‌టాప్ పట్టుకుని మధ్యాహ్నానికి బస్సులో వచ్చేశారు. నాకు వినిపించాలని హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్ పెట్టారు.

మొదటి గడి దగ్గర ఆయన స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ‘పేరు’ అంది. రెండో గడి దగ్గరా ‘పేరు’ అంది. మూడోదీ ‘పేరు’. అమ్మాయి పేరు, తండ్రి పేరు, పాత స్కూలు పేరు. మూడింటికీ లోపల ఒకే లేబుల్ కాపీ చేసి పెట్టింది నేనే. పైన కంటికి కనిపించే అక్షరాలు వేరుగా ఉంటాయి కాబట్టి నాకెప్పుడూ తెలియలేదు. తర్వాత కోర్సు ఎంచుకునే చోటు. ట్యాబ్ కొడితే అక్కడ ఆగనే లేదు, నేరుగా కిందనున్న ఫోన్ నంబరుకు దూకింది. సబ్మిట్ కొట్టారు. ఏ చప్పుడూ లేదు. తెర మీద మాత్రం ఎర్ర అక్షరాల్లో ‘కోర్సు ఎంచుకోండి’ అని వచ్చింది. అది ఆయనకు తెలిసే దారి లేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ కొట్టారు. ‘వెళ్లిందాండీ?’ అని నన్ను అడిగారు.

చివరికి ఫారం నేనే నింపాను. వెళ్తూ వెళ్తూ, ‘ఇంటి దగ్గరే అయిపోద్దనుకున్నానండీ, మీకు శ్రమ ఇచ్చాను’ అన్నారు. శ్రమ పడింది ఆయన. రానూపోనూ సగం రోజు పోయింది.

100 వచ్చిన సైట్‌లోనే ఇన్ని ఉంటే అసలు వీటిని పట్టుకునేది ఎలా? మీరు ఏ వరసలో చూస్తారు?


తాడేపల్లి_టెస్టర్ | గురువారం రాత్రి 10:25

నీ పరీక్ష తప్పు కాదు, దాన్ని అర్థం చేసుకోవడంలో తేడా వచ్చింది.

లైట్‌హౌస్ లోపల నడిచేది యాక్స్ కోర్ అనే ఇంజిన్. అందులోనూ కొన్ని పరీక్షలే అది వాడుతుంది. లేబుల్ ఉందా అని అడుగుతుంది, ఉంది. ఆ లేబుల్ ఆ గడికి సరిపోతుందా అన్నది దానికి తెలియదు. ఫోటోకి ఆల్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాట) ఉందా అని అడుగుతుంది. ‘బ్యానర్ 3’ అని రాసినా ఉన్నట్టే లెక్క. నీ కోర్సు గడి బ్రౌజర్ ఇచ్చే మామూలు సెలెక్ట్ (ఎంపిక జాబితా) కాకుండా డివ్‌లనే ఖాళీ డబ్బాలతో సొంతంగా కట్టి ఉంటావు, దాన్ని మౌస్‌తో నొక్కితే తెరుచుకునేలా. యంత్రం కంటికి అది వట్టి డబ్బా. డబ్బాకి లేబుల్ లేదని ఎవరూ తప్పు పట్టరు. 100 అంటే యంత్రానికి కనపడే తప్పులు లేవని, అంతవరకే.

అలాగని పరికరాలను పక్కన పెట్టొద్దు. అమెరికాలో యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వెబ్‌ఎయిమ్ వాళ్లు ఏటా పది లక్షల హోమ్ పేజీలను తమ వేవ్ ఇంజిన్‌తో పరీక్షిస్తారు. 2025లో 94.8 శాతం పేజీల్లో యంత్రం పట్టుకోగలిగిన తప్పులే దొరికాయి. అంటే చాలామంది ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. నువ్వు ఎక్కావు.

నేను చేసేది చెప్తాను. ముందు వేవ్ గానీ యాక్స్ గానీ నడుపుతాను, పది నిమిషాల పని. తర్వాత మౌస్ తీసి సొరుగులో పెడతాను. నిజంగానే పెడతాను, చేతికి అందితే అలవాటుగా అటే పోతుంది. ట్యాబ్ ఒక్కటే కొట్టుకుంటూ పేజీ మొత్తం తిరుగుతాను. ఎక్కడ ఉన్నానో తెర మీద గీత కనిపించాలి. చాలామంది సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) ఆ అవుట్‌లైన్ గీత బాగోలేదని తీసేస్తారు, అక్కడే కీబోర్డుతో తిరిగేవాళ్లు దారి తప్పుతారు. పాపప్ తెరుచుకున్నప్పుడు ఫోకస్ (కీబోర్డు ప్రస్తుతం ఉన్న చోటు) దాని లోపలికి వెళ్లాలి. ఎస్కేప్ కొడితే మూసుకోవాలి. మూసుకున్నాక ఏ బటన్ నొక్కి తెరిచామో మళ్లీ అక్కడికే రావాలి. ఈ ఒక్క పరీక్షకి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. నీ కోర్సు గడి మొదటి నిమిషంలోనే దొరికిపోయేది.

ఆ తర్వాత ఎన్‌వీడీఏ. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత చూపు లేని స్నేహితుడొకడు కలిశాడు, డబ్బులు పెట్టి కొనలేనివాళ్లకి కూడా స్క్రీన్ రీడర్ ఉండాలని. దాని టూల్స్ మెనూలో స్పీచ్ వ్యూయర్ ఉంటుంది. అది పలికే ప్రతి మాటా అక్షరాల్లో పడుతుంది. కొత్తలో చెవికి అందదు కాబట్టి అది తెరిచి పెట్టుకో.


బందరురోడ్_బీటెక్ | గురువారం రాత్రి 10:52

అన్నా, చిన్న డౌట్. మూలన మనిషి బొమ్మ ఉండే విడ్జెట్లు వస్తున్నాయి కదా, ఒక్క లైన్ స్క్రిప్ట్ పెడితే సైట్ మొత్తం యాక్సెసిబుల్ అయిపోతుందంటారు. అది పెడితే సరిపోదా? మా ప్రాజెక్టులో అదే పెట్టాం.


బ్రాడీపేట_శ్రోత | శుక్రవారం ఉదయం 6:15

గవర్నర్‌పేట తమ్ముడూ, ఆయన పక్కన కూర్చుని మొత్తం విన్నావు చూడు, అందుకు ముందు నీకు థ్యాంక్స్. ‘మా సైట్ బాగానే ఉందండీ, మీ కంప్యూటర్‌లో ఏదో ప్రాబ్లం’ అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను.

నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగిని. పుట్టుకతో చూపు లేదు. పదిహేనేళ్లుగా ఎన్‌వీడీఏతోనే పని.

స్క్రీన్ రీడర్ పేజీని పై నుంచి కింద దాకా చదువుతుంది, మేం కూర్చుని వింటాం అని చాలామంది అనుకుంటారు. అలా వింటే రోజుకు రెండు పేజీలు కూడా అవ్వవు. మీరు కంటితో పేజీ మీద ఒక చూపు తిప్పుతారు కదా, నేను అదే పని వేలితో చేస్తాను. హెచ్ మీట కొడితే ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి పోతుంది. బి కొడితే బటన్లు, టి కొడితే పట్టికలు, ఎఫ్ కొడితే ఫారం గడులు. ఇన్సర్ట్ పట్టుకుని ఎఫ్7 కొడితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. అక్కడ ‘ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి’ అని ఇరవైసార్లు వినిపిస్తే దేన్ని క్లిక్ చేయాలి? మీరు అక్షరాలు లావు చేసి, సైజు పెంచి హెడింగ్‌లా కనపడేట్టు చేస్తే నాకది హెడింగ్ కాదు. నా హెచ్ మీట దాన్ని దాటి వెళ్లిపోతుంది. కాబట్టి తమ్ముడూ, నీ సైట్ తెరిచి హెచ్ మాత్రమే కొట్టుకుంటూ పో. వినిపించిన హెడింగులు వరసగా కాగితం మీద రాస్తే అది పుస్తకం విషయసూచికలా ఉండాలి. లేదంటే నాకు ఆ పేజీ లేనట్టే.

ఇంకో సంగతి. మా నాన్న మిర్చి రైతు. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసే ముందు ఆ రోజు ధర కనుక్కోమని నాకే ఫోన్ చేస్తారు. ఇంట్లో ఆ పని మొదట్నుంచీ నాదే. ఒకచోట ధరల పట్టికను ఫోటో తీసి పెడతారు. ఆల్ట్‌లో ‘నేటి ధరలు’ అని ఉంటుంది. తాడేపల్లి గారు చెప్పినట్టు యంత్రం దాన్ని పాస్ చేస్తుంది. నాకు మాత్రం ధరలు ఉన్నాయని తెలుస్తుంది, ధర తెలియదు. ఇంకోచోట నిజమైన పట్టికే ఉంది. కంట్రోల్, ఆల్ట్ కలిపి పట్టుకుని బాణం మీటలతో గడి గడికీ పోతాను. హెడర్లు సరిగ్గా పెట్టి ఉంటే ‘తేజ, గరిష్ఠ ధర, 14,200’ అంటుంది. పెట్టకపోతే వట్టిగా ‘14,200’. అది తేజ రకానిదా, 334 రకానిదా? కనిష్ఠమా, గరిష్ఠమా? నాన్న లైన్‌లో ఉంటారు, నేను వెనక్కి పైకి పోయి గడులు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. తప్పు చెప్తే నష్టం ఆయనకి. పట్టికలో పై వరసనీ, మొదటి నిలువు వరసనీ హెడర్లుగా గుర్తిస్తే చాలు. రెండు నిమిషాల పని.

బీటెక్ తమ్ముడూ, విడ్జెట్ సంగతి. నాకు కావాల్సిన గొంతు, వేగం, సెట్టింగులు నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మీ విడ్జెట్ ఇంకో గొంతు మొదలుపెడితే రెండూ ఒకేసారి మాట్లాడతాయి. ‘పేరు, పేరు, పేరు’ అని రాసిన లేబుళ్లు విడ్జెట్ వేశాక కూడా అలాగే ఉంటాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఇలాంటి విడ్జెట్ అమ్మే ఒక కంపెనీ మీద చర్య తీసుకుంది. ఏ సైటునైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తుందని చెప్పుకున్నందుకు పది లక్షల డాలర్లు కట్టమంది. మీ ప్రాజెక్టులోంచి అది తీసేయండి. ఆ సమయం ఫారం లేబుళ్ల మీద పెట్టండి.


బందరురోడ్_బీటెక్ | శుక్రవారం ఉదయం 7:30

తీసేస్తాం అన్నా. ఈ ఆదివారమే ఎన్‌వీడీఏ వేసి మా టీమ్ అంతా కూర్చుంటాం.


లెక్కల_మేష్టారు_పటమట | శుక్రవారం ఉదయం 8:05

అందరూ పూర్తిగా చూపు లేనివారి గురించే మాట్లాడుతున్నారు. నాలాంటివాళ్లం ఇంకా ఎక్కువమంది ఉంటాం. రిటైరైన లెక్కల టీచర్ని. గ్లాకోమా వల్ల పక్క చూపు పోయింది, మధ్యలో కొంచెం మిగిలింది. నేను స్క్రీన్ రీడర్ వాడను. తెరను మూడింతలు, నాలుగింతలు పెద్దది చేసుకుని చదువుకుంటాను. విండోస్ మీటతో ప్లస్ కొడితే భూతద్దం వస్తుంది, బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్.

నాకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇంగ్లీషు పేజీల్లో అంతగా కనపడదు, తెలుగులోనే ఎక్కువ. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతలతో లైన్ ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తారు. సైజు పెంచగానే వత్తు సగానికి తెగిపోతుంది. ‘అర్హత’లో రకారం కింద హ వత్తుందా లేదా, ‘పట్టా’ అని ఉందా ‘పటా’ అని ఉందా అని పోల్చుకోవాల్సి వస్తుంది. బటన్ల మీద ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాటి ఎత్తు ఎప్పుడూ బిగించే ఉంటుంది. దీన్ని ఏ పరికరమూ పట్టుకోవడం నేను చూడలేదు. ‘శాస్త్రి’, ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు ప్రతి బటన్‌లోనూ హెడింగులోనూ పెట్టి, 200 శాతం చేసి చూడండి. ఎక్కడ తెగుతుందో వెంటనే తెలుస్తుంది. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల (డబ్ల్యూసీఏజీ) ప్రకారం 200 శాతం వరకు ఏదీ పోకుండా చదవగలగాలి. 400 శాతంలో పక్కకి జరపక్కర్లేకుండా పేజీ ఒకే నిలువు వరసలోకి సర్దుకోవాలి. తెర పైన అతికి ఉండే మెనూ పట్టీలు కూడా చూడండి. నాలుగింతలు చేస్తే అదే సగం తెర ఆక్రమిస్తుంది, చదవడానికి రెండు లైన్ల జాగా మిగులుతుంది.

రెండోది కాంట్రాస్ట్. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త సాగదీస్తాను. అక్షరం రంగు వెలుగు ఎంత, వెనకనున్న రంగు వెలుగు ఎంత అని కొలిచి, రెండింటికీ 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి 21 వస్తుంది. తెలుపు మీద తెలుపుకి 1. మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3. డిజైనర్లు ఇష్టంగా వాడే బూడిద రంగుని (కోడ్‌లో దాని నంబరు 999999) తెలుపు మీద పెడితే 2.85 దగ్గర వస్తుంది. 767676 పెడితే 4.54. ఆ రెండు బూడిదల మధ్య తేడా మీకు పెద్దగా అనిపించదు. నాకు ఒకటి చదవగలిగింది, ఇంకోటి ఖాళీ జాగా.

గవర్నర్‌పేట బాబూ, నీ సైట్ చూశాను. మామూలు అక్షరాలు బాగానే ఉన్నాయి. పైన పిల్లల ఫోటో మీద తెల్ల అక్షరాల్లో రాసింది చదవలేకపోయాను. ఫోటో మీద అక్షరాలుంటే వెనకాల ఏ రంగు అని యంత్రం తేల్చుకోలేదు, అందుకని తప్పు అనకుండా వదిలేస్తుంది. ఆ ఫోటోలో ఒక పాప తెల్ల యూనిఫాం వేసుకుంది. సరిగ్గా దాని మీదే నువ్వు అడ్మిషన్ల చివరి తేదీ రాశావు.


మొగల్రాజపురం_డిజైన్ | శుక్రవారం మధ్యాహ్నం 12:10

మేష్టారూ, మీరు చెప్పింది చదివాక నా పాత పనులన్నీ తెరిచి చూసుకున్నాను. వత్తుల సంగతి నిజం. పదకొండు సైట్లలో ఏడింటిలో బటన్ల మీద తెగాయి.

కానీ ఒక మాట చెప్పనివ్వండి. క్లయింటు పక్కన కూర్చుని ‘ఈ రంగు ముదురుగా ఉంది, కొంచెం లైట్ చెయ్యి, సాఫ్ట్‌గా ఉండాలి’ అంటారు. 4.5 అంటే వినరు. అప్పుడు ఏం చేయాలి?


లెక్కల_మేష్టారు_పటమట | శుక్రవారం మధ్యాహ్నం 12:40

అమ్మా, వాళ్ల ఫోన్ తీసుకుని ఎండలోకి తీసుకెళ్లండి. మే నెల బెజవాడ ఎండ అక్కర్లేదు, ఇప్పటిది చాలు. వెలుతురు తగ్గించి పెట్టిన ఫోన్‌లో వాళ్ల సొంత సైట్ చదవమనండి. నేను ఇంట్లో నీడలో చూసేది వాళ్లు అక్కడ చూస్తారు.


మొగల్రాజపురం_డిజైన్ | శుక్రవారం మధ్యాహ్నం 12:48

తప్పకుండా చేస్తాను మేష్టారూ. ఇంకొకటి నేనే ఒప్పుకోవాలి. ఒక ధరల పేజీకి పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు పెట్టాను. గుర్తు ఏమీ లేదు, రంగు ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకీ, బ్రాడీపేట గారికీ అందులో సమాచారమే లేదు. ఈ రాత్రే ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని మాటలు చేర్చేస్తాను.


వన్‌టౌన్_డీటీపీ | శుక్రవారం సాయంత్రం 7:20

నేను వెబ్ మనిషిని కాను. ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాను, ఇరవై రెండేళ్లుగా. కానీ సైట్లలో పెట్టే నోటీసులు, ప్రాస్పెక్టస్‌లు, సర్క్యులర్లు సగం మా దగ్గర్నుంచే పీడీఎఫ్‌లుగా వెళ్తాయి. అందుకని నా వంతు చెప్తాను.

పాత డీటీపీ ఫాంట్లు చాలావరకు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత నంబరు ఇచ్చే పద్ధతి) కావు. తెర మీద, కాగితం మీద ‘ప్రవేశ ప్రకటన’ అని ముత్యాల్లా కనపడుతుంది. లోపల మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. వాటికి తెలుగు ముసుగు వేసినట్టు. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలా పని వాటిలోనే నడుస్తుంది, అచ్చుకి అందంగా ఉంటాయి, చేతికి అలవాటు. కానీ స్క్రీన్ రీడర్ ముసుగు చూడదు, లోపలున్నదే చదువుతుంది.

ఎలా పట్టుకోవాలంటే, పీడీఎఫ్‌లో ఒక లైన్ సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగా వస్తే మంచిదే. పిచ్చి గీతలు, ఇంగ్లీషు ముక్కలు వస్తే చూపు లేనివాళ్లకి వినపడేది అదే. కంట్రోల్, ఏ కొట్టినా అసలేమీ సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన ఫోటో, అందులో వాళ్లకి ఒక్క అక్షరం కూడా లేదు. వర్డ్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేసి, హెడింగులకు స్టైల్ పెట్టి పీడీఎఫ్ చేస్తే చాలావరకు సరిపోతుంది. అయినా నేరుగా వెబ్‌పేజీగా పెట్టడమే అన్నిటికన్నా మేలు.

ఇన్నేళ్లలో ఇలాంటి ఫైళ్లు ఎన్ని ఇచ్చానో. ఎవరో ఒకరు చెప్తే ముందే మార్చేవాణ్ని.


తెనాలి_అక్క | శనివారం ఉదయం 10:05

మీరంతా కంప్యూటర్ల గురించే రాస్తున్నారు. మా ఇళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఫోనే. నాకు పదేళ్ల వయసులో చూపు పోయింది. ఇప్పుడు పిల్లలకు ట్యూషన్ చెప్తాను, అన్ని పనులూ ఫోన్‌లోనే.

ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి వేసుకోండి. కుడివైపు వేలితో జరిపితే తర్వాతిదానికి పోతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఎలా ఆపాలో ముందే నేర్చుకోండి, లేకపోతే కంగారు పడతారు. మీ సైట్ తెరిచి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పొండి. పేరు లేని బటన్ దగ్గర ‘బటన్’ అని ఊరుకుంటుంది. మూడు గీతల మెనూ, వెతుకులాట భూతద్దం, మూసేసే గుర్తు, ఈ మూడింటికీ పేర్లు పెట్టడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మూసేసే బటన్ దొరక్క ప్రకటన వెనక ఇరుక్కుపోయి బయటికి వచ్చేసిన సైట్లు ఎన్నో.

ఓటీపీ గురించి ఎవరూ రాయలేదు. ముప్పై సెకన్లు ఇస్తారు. మెసేజ్ వచ్చిన చప్పుడు, దాన్ని తెరవడం, ఆరు అంకెలు వినడం, వెనక్కి రావడం, గడి వెతుక్కోవడం. కొన్నిచోట్ల పేస్ట్ కూడా చేయనివ్వరు. ఆరు అంకెలకి ఆరు వేరు గడులు పెడతారు, ఒక్కోటీ ఒక్కోసారి. సమయం అయిపోతుంది, మళ్లీ పంపమంటాను, మళ్లీ అయిపోతుంది. ఆ టెన్షన్‌కి చేతులు చెమటలు పడతాయి. గడువు పెంచుకునే వీలు ఇవ్వడం, పేస్ట్ చేయనివ్వడం, ఒకే గడి పెట్టడం. మీకు ఈ మూడూ చిన్న పనులేనని నా తమ్ముడు చెప్పాడు, వాడూ ఈ పనే చేస్తాడు.

ఇంకొకటి, తెలుగు వాళ్లే చేసే తప్పు. పేజీ అంతా తెలుగే, కానీ కోడ్ మొదట్లో భాష ఇంగ్లీషు అని ఉంటుంది. ఎక్కడో నమూనా తెచ్చుకుని మార్చరు. స్క్రీన్ రీడర్ దాన్ని నమ్మి ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది. కొన్ని గొంతులు తెలుగును అసలు పలకవు. మధ్యలో అంకెలు, ఇంగ్లీషు మాటలు మాత్రం వినిపిస్తాయి. ‘... 25 ... 500 ... ఆన్‌లైన్ ...’ ఇలా. భాష ఏదో ఒకటి రాసి ఉంటే చాలు, యంత్రం సరే అంటుంది.


గవర్నర్‌పేట_వెబ్ | శనివారం ఉదయం 10:31

అక్కా, ఇప్పుడే తెరిచి చూశాను. నాదీ ఇంగ్లీషు అనే ఉంది.


అరండల్‌పేట_న్యాయం | శనివారం మధ్యాహ్నం 2:15

చట్టం వైపు నుంచి క్లుప్తంగా. క్లయింటు ‘ఇదంతా ఎందుకు’ అంటే చెప్పడానికి పనికొస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారాన్నీ, ఎలక్ట్రానిక్ సేవలనూ అందరికీ అందేలా ఉంచమంటుంది. ప్రైవేటు సేవలకూ అది వర్తిస్తుంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ నియమాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయమని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న కేవైసీ (ఖాతాదారుని గుర్తింపు తనిఖీ) కేసులో ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అంది. ఆ కేసు వేసినవారిలో యాసిడ్ దాడి బాధితురాలు, చూపు లేని న్యాయవాది ఉన్నారు. కెమెరా ముందు కనురెప్ప వేయమనే పరీక్ష వాళ్లు ఎలా పాసవుతారన్నది అక్కడి ప్రశ్న. ప్రభుత్వ సైట్లకైతే 2009 నుంచే ప్రత్యేక మార్గదర్శకాలు ఉన్నాయి. సంస్థ పట్టించుకోకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఏ రోజు, ఏ పేజీ, ఏ మీట కొడితే ఏం వినిపించింది అని రాసి, స్పీచ్ వ్యూయర్‌లో వచ్చిన అక్షరాలు జత చేయండి. ఆ కాగితానికి బలం ఉంటుంది.


గవర్నర్‌పేట_వెబ్ | ఆదివారం రాత్రి 11:50

రెండు రోజులు ఇదే పని మీద ఉన్నాను. చేసింది రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

శనివారం రాత్రి మౌస్ తీసేశాను. ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ అని ఉంటుంది, తెర మొత్తం నల్లగా అయిపోతుంది. అది వేసి నా ఫారం నేనే నింపడానికి కూర్చున్నాను. మెనూలో ప్రతి లింకూ దాటుకుంటూ ఫారం మొదటి గడికి చేరడానికి 43 సార్లు ట్యాబ్ కొట్టాను. ప్రతి పేజీలోనూ అదే 43. పొన్నూరు నాన్నగారు వచ్చిన రోజు ఆయన వేలు అంత వేగంగా ఎందుకు కదిలిందో అప్పుడు అర్థమైంది. పైన ‘మెనూ దాటి నేరుగా ఫారానికి’ అనే లింకు పెట్టాను, ఇప్పుడు రెండే.

కోర్సు గడిని కూల్చేసి మామూలు సెలెక్ట్ పెట్టాను. మొదట ARIA ఆట్రిబ్యూట్లు (ఇదేంటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తులు) చేర్చి పాత డివ్‌నే బాగుచేద్దామని మూడు గంటలు కూర్చున్నాను. బాణం మీటలు పనిచేస్తే ఎంచుకున్నది పలకదు, అది సరిచేస్తే ఎస్కేప్ పనిచేయదు. తాడేపల్లి అన్న ఫోన్‌లో ఒక్క మాట అన్నారు: ‘బ్రౌజర్ ఉచితంగా ఇచ్చేదాన్ని నువ్వెందుకు మళ్లీ కట్టడం?’ సెలెక్ట్ పెడితే నాలుగు లైన్లలో అయిపోయింది. చూడ్డానికి కొంచెం సాదాగా ఉంది, ఉండనీ.

తప్పు వచ్చినప్పుడు ఫోకస్ ఆ గడికే వెళ్లేట్టు, ‘కోర్సు ఎంచుకోలేదు’ అని వినిపించేట్టు చేశాను. మూడు పేర్లకీ మూడు లేబుళ్లు. భాష తెలుగుగా మార్చాను. మార్చగానే మొదటిసారి నా పేజీ నాకు తెలుగులో వినిపించింది. ‘విద్యార్థి పేరు, ఎడిట్, తప్పనిసరి’ అని. ఆ గొంతు యంత్రానిదే అయినా కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మేష్టారూ, బ్యానర్ ఫోటో తీసేసి చివరి తేదీని కింద నల్ల అక్షరాల్లో పెట్టాను. లైన్ ఎత్తు పిక్సెళ్లలో కాకుండా అక్షరం సైజును బట్టి 1.7 పెట్టాను. ‘స్వాతంత్ర్యం’ 400 శాతంలో కూడా తెగలేదు.

బ్రాడీపేట అన్నా, వీలైతే రేపు ఒకసారి చూస్తారా?


బ్రాడీపేట_శ్రోత | సోమవారం ఉదయం 6:40

చూశాను. బ్యాంకుకు బయల్దేరే లోపు ఫారం మొత్తం అయిపోయింది, నాలుగు నిమిషాలు. హెచ్ మీటతో హెడింగులన్నీ వరసగా వచ్చాయి. రెండు సంగతులు. ఫీజు పట్టికలో పై వరసకు హెడర్ ఉంది, పక్క వరసకు లేదు. కాబట్టి ‘మొదటి వాయిదా, 12,000’ అంటుంది కానీ ఏ కోర్సుదో చెప్పదు. రెండోది, ఫారం వెళ్లాక ‘విజయవంతం’ అని ఒక పెట్టె వచ్చి మూడు సెకన్లలో మాయమైందని మా ఆవిడ చూసి చెప్పింది. నాకు వినపడలేదు. మొన్న ఆయన అడిగిన ప్రశ్నే నాకూ వచ్చింది, వెళ్లిందా అని.


గవర్నర్‌పేట_వెబ్ | సోమవారం ఉదయం 9:15

రెండూ ఇప్పుడే సరిచేశాను అన్నా. పెట్టె తీసేసి వేరే పేజీ పెట్టాను. ఫారం వెళ్లగానే హెడింగ్‌లో ‘మీ దరఖాస్తు అందింది’, కింద దరఖాస్తు నంబరు.


గవర్నర్‌పేట_వెబ్ | బుధవారం రాత్రి 8:30

పొన్నూరు నాన్నగారికి ఫోన్ చేశాను. చిన్నమ్మాయికి వేసవి క్లాసుల ఫారం నింపాల్సి ఉందట. ఇప్పుడు ప్రయత్నించమన్నాను, లైన్‌లో ఉండనా అని అడిగాను. ‘వద్దండీ, నేను చేసి చెప్తాను’ అన్నారు. ఇరవై నిమిషాలకు ఆయనే చేశారు. దరఖాస్తు నంబరు నాకు చదివి వినిపించారు, అంకె అంకె ఆపి ఆపి. నా దగ్గరున్న నంబరుతో సరిపోయింది.

తర్వాత ఫీజు రసీదు తెరిస్తే ఏవో ఇంగ్లీషు అక్షరాలు గొణుగుతోందన్నారు. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూశాను. వన్‌టౌన్ గారు చెప్పినట్టే వచ్చింది. రసీదు నమూనా కోచింగ్ సెంటర్ వాళ్లు ఎప్పుడో ప్రెస్‌లో చేయించిందట.


వన్‌టౌన్_డీటీపీ | బుధవారం రాత్రి 8:44

ఆ నమూనా ఫైల్ నాకు పంపండి. యూనికోడ్‌లో మళ్లీ కట్టి రేపు పొద్దున ప్రెస్ తెరవగానే ఇస్తాను. డబ్బులేం వద్దు.


గవర్నర్‌పేట_వెబ్ | బుధవారం రాత్రి 8:46

పంపాను అన్నా.